ఆఫీసు ఇంటర్‌కంలో సున్నా బంద్ చేస్తే మొబైల్స్ కూడా పోతున్నాయి, ఎలగ సెట్ చెయ్యాలి?

బరంపురం_మందులు | రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. మాది ఒడిశా బరంపురంలో మందుల హోల్‌సేల్. ఆఫీసులో 3 లైన్లు, 16 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు) ఉన్న ఈపీఏబీఎక్స్, అంటే ఫోన్లన్నిటినీ బయటి లైన్లకి కలిపే ఇంటర్‌కం పెట్టె ఉంది, పెట్టి పదేళ్ళు దాటిపోయింది, పెట్టినాయన విశాఖపట్నం వెళ్ళిపోయాడు, ఫోన్ చేస్తే ఎత్తడు. విషయం ఏటంటే పోయిన నెల బిల్లులో నాలుగు ఐఎస్డీ కాల్స్, అంటే విదేశాలకి చేసినవి, వచ్చాయి. అన్నీ రాత్రివేళే, 1:30 కి ఒకటి, రెండు దాటాక మూడు. మొత్తం 2,340 రూపాయలు. మాకు విదేశాల్లో వ్యాపారం లేదు, చుట్టాలూ లేరు.

ఓనరు గారు బిల్లు చూసి, రేపట్నుంచి అందరికీ సున్నా బంద్ చేసీ, అంటే సున్నాతో మొదలయ్యే నంబరు ఏదీ వెళ్ళకూడదు అన్నారు. మాన్యువల్ చూసి రాత్రి పదింటిదాకా కూర్చుని అన్ని ఎక్స్‌టెన్షన్లకీ సున్నా బంద్ పెట్టీసాను. పొద్దున్నే గొడవ మొదలయ్యింది, ఆర్డర్లు తీసుకునే ముగ్గురు కుర్రాళ్ళకి ఒక్క మొబైల్ కూడా కలవడం లేదు. మా కస్టమర్లు సగం ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు, మిగతా సగం ఛత్రపురం, పర్లాకిమిడి. షాపుల వాళ్ళందరివీ ఇప్పుడు మొబైల్సే కదా. మధ్యాహ్నానికి మళ్ళీ తీసీసాను.

ఇంకో సంగతి, ఓనరు గారి అనుమానం అంతా మా నైట్ వాచ్‌మన్ మీద ఉంది. రాత్రి లోపల ఉండేది అతనొక్కడే. ఏడేళ్ళ బట్టి చేస్తున్నాడు, ఒడియా మనిషి, ఒక్క రూపాయి తేడా రాలేదు ఇంతవరకు. మొన్నట్నుంచి మొహం చూపించలేకపోతున్నాడు పాపం. అందుకే తొందరగా తేల్చాలి. తెలిసినోళ్ళు కొంచెం చెప్పండి.

పర్లాకిమిడి_మాస్టారు | రాత్రి 9:40

బాబూ ముందు మూడు సంగతులు చెప్పు. లైన్ తీసుకోడానికి ఏ అంకె నొక్కుతారు, సున్నానా తొమ్మిదా? మూడు లైన్లూ ఒకే రకమా, ఫైబరా పాత రాగి తీగా? ఐఎస్డీ పడింది ఏ నంబరు బిల్లులో? ఈ మూడూ తెలీకుండా ఎవరేం చెప్పినా చీకట్లో రాయి వేసినట్టే.

బరంపురం_మందులు | రాత్రి 9:58

మాస్టారూ, లైన్‌కి 9 నొక్కుతాం. రెండు లైన్లు ఫైబర్, వాటికి కాల్స్ అన్‌లిమిటెడ్ ప్లాన్. మూడోది పాత రాగి లైన్, కరెంటు పోయినా పనిచేస్తుందని ఉంచాం, దానికి కాల్‌కి ఇంత అని పడుతుంది. ఐఎస్డీ పడింది ఆ మూడో లైన్ బిల్లులోనే. ఇది మీరు అడిగేదాకా నాకు తట్టలేదు.

రాయగడ_ఇంటర్‌కం | రాత్రి 10:25

తమ్ముడూ, నేను రాయగడలో పాతికేళ్ళగా ఈ పెట్టెలే బిగిస్తున్నాను, మిల్లులు, లాడ్జీలు, స్కూళ్ళు. నీకొచ్చింది కొత్త సమస్య కాదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద మొబైల్‌కి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాల్సిందే అని దేశమంతా రూలు పెట్టారు కదా. అంతకుముందు సున్నా అంటే ఎస్టీడీ (వేరే ఊరి కాల్), రెండు సున్నాలంటే ఐఎస్డీ, అంతే లెక్క. సున్నా బంద్ చేస్తే లోకల్ ఒక్కటే మిగిలేది, ఊళ్ళో మొబైల్‌కి కూడా సున్నా లేకుండానే వెళ్ళిపోయేది. పాత మాన్యువల్స్, పాత మెకానిక్‌లు నేర్పింది ఆ లెక్కే. ఇప్పుడు సున్నా మూసేస్తే పక్క వీధిలో ఉన్న మొబైల్ కూడా మూసుకుపోద్ది.

పెట్టె ఎలా ఆలోచిస్తుందో చెప్తా, అది అర్థమైతే ఏ కంపెనీ పెట్టె అయినా నువ్వే చేసుకోగలవు. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ ఒక క్లాస్ ఉంటది. ఒకటో క్లాసుకి ఏ అడ్డూ ఉండదు, కిందకి వెళ్ళే కొద్దీ అడ్డం ఎక్కువ. ప్రతి క్లాసుకీ రెండు పట్టీలు, ఒకటి బంద్ పట్టీ, రెండోది మినహాయింపు పట్టీ. నువ్వు కొట్టిన అంకెల్ని ముందు బంద్ పట్టీతో పోలుస్తది, అక్కడ దొరక్కపోతే వదిలేస్తది, దొరికితే మినహాయింపులో ఉందా అని చూస్తది, ఉంటే వదుల్తది, లేకపోతే టకటకా బిజీ టోన్. ఎక్కువ పెట్టెలు ఇంతే, పేర్లే వేరు.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. పట్టీలో లైన్ తీసుకునే అంకె కలపకూడదు. మీకు 9 నొక్కితే లైన్ కాబట్టి ఐఎస్డీ ఆపాలంటే పట్టీలో 00 అని రాయాలి, 900 అని కాదు. 900 రాస్తే పెట్టె ఆ 9 ని బయట డయల్ చేసిన అంకె అనుకుంటది, దానికి ఏ కాలూ సరిపోదు, ఐఎస్డీ హాయిగా వెళ్ళిపోద్ది, నువ్వేమో బంద్ చేశాననుకుని నిద్రపోతావు. గుణుపురంలో ఒక లాడ్జీలో నేనే చూశా, మూడేళ్ళు అలాగే ఉంది.

కాబట్టి నీకు చెయ్యాల్సింది, ఆర్డర్ కుర్రాళ్ళకి 00 ఒక్కటి మూసి మిగతాదంతా వదిలెయ్. ఫైబర్ లైన్లు అన్‌లిమిటెడ్ అన్నావు కదా, ఎస్టీడీ ఆపి ఎవరికీ లాభం లేదు. ఇచ్ఛాపురం మీకు పాతిక కిలోమీటర్లు, అయినా కోడ్ మారిపోద్ది, 0680 నుంచి 08947 కి. రోజంతా అటు మాట్లాడే వ్యాపారానికి ఎస్టీడీ ఎలా మూస్తావు?

బరంపురం_మందులు | రాత్రి 10:41

అన్నయ్యా చాలా థాంక్స్. నేను నిజంగానే మొదట 900 అని కొట్టాను. అది పని చెయ్యకపోతేనే సున్నా మొత్తం మూసీసాను. ఓనరు గారు ఎస్టీడీ కూడా వొద్దంటున్నారు, మొబైల్ మాత్రం వెళ్ళాలంట. 11 అంకెలుంటే మొబైల్ అని పెట్టొచ్చా?

రాయగడ_ఇంటర్‌కం | రాత్రి 11:03

అంకెల లెక్కతో కుదరదు తమ్ముడూ. మొబైల్ పది అంకెలు, ముందు సున్నాతో 11. ల్యాండ్‌లైన్ కూడా కోడూ నంబరూ కలిపి పదే, బరంపురానికి 680 తర్వాత 7 అంకెలు, మా రాయగడకి 6856 తర్వాత 6 అంకెలు. సున్నాతో అదీ 11. పెట్టెకి రెండూ ఒకేలా కనపడతాయి.

మొదటి అంకెతో విడదీద్దామంటే సగం పని అవుద్ది. మొబైల్స్ 6, 7, 8, 9 తో మొదలవుతాయి. ఎస్టీడీ కోడ్‌లు 9 తో లేవు, కాబట్టి 09 మొత్తం మినహాయింపులో పెట్టీ, గొడవ లేదు. 01 నుంచి 05 దాకా మొబైల్స్ లేవు, అవి మూసుకో. చిక్కంతా 06, 07, 08 దగ్గర, అందులోనూ మన సరిహద్దు వాళ్ళకి మరీను. ఒడిశా కోడ్‌లన్నీ 06 తో, శ్రీకాకుళం 08942, విజయనగరం 08922, పార్వతీపురం 08963, అన్నీ 08 తో. జియో వాళ్ళ 6370 లాంటి నంబర్లు 06 లోనే పడతాయి. బెంగళూరు కోడ్ 080, ఆంధ్రలో 8008 తో, 8096 తో మొదలయ్యే మొబైల్స్ బోలెడు, ముందు సున్నా పెడితే అవీ 080 తోనే మొదలు. కోడ్ తర్వాత వచ్చే అంకె చూస్తే గానీ తెలీదు. ఇవన్నీ పట్టీలో కొట్టుకుంటూ కూర్చుంటే నలభై ఎంట్రీలు అవుతాయి, నీ పెట్టెలో అన్ని గళ్ళు ఉండవు. ఓనరు గారికి ఇది చెప్పి ఒప్పించు, అదే తక్కువ పని.

ధర్మాబాద్_మిర్చి | రాత్రి 11:30

నమస్తే అన్నా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్, మిర్చి అడ్తి దుకాణం. మాకు గిదే లొల్లి ఇంకో తీరుగ అయింది. నాందేడ్ కోడ్ 02462, నిజామాబాద్ కోడ్ 08462, ఒక్క అంకె తేడా. మా గుమాస్తాలు మరాఠీ వాళ్ళు ఇద్దరు, తెలుగోళ్ళు ఇద్దరు, అటు కొట్టేది ఇటు కొడుతుండె. మేం ఏం జేసినమంటే రోజూ మాట్లాడే అరవై నంబర్లు పెట్టెల స్పీడ్ డయల్ కింద ఎక్కిచ్చినం. గేటు కాడి ఫోన్‌కు సున్నా మూసినా స్పీడ్ డయల్ నంబర్లు మాత్రం పోతయి, కొన్ని పెట్టెలల్ల స్పీడ్ డయల్‌కు బంద్ పట్టీ వర్తించదు అని సెట్టింగ్ ఉంటది. మీ ఓనర్ ఎస్టీడీ వద్దనే అంటే గిట్ల చేయుండ్రి, పార్టీల నంబర్లు లోపల పెట్టి బయటిది మూసేయుండ్రి. ఎవ్వరికి ఇబ్బంది ఉండదు.

కాని స్పీడ్ డయల్ ప్రోగ్రాం చేసే పాస్‌వర్డ్ మార్చుకోవాలె. చానా పెట్టెలు 1234 తోనే వస్తయి, ఎవ్వరూ మార్చరు.

గుణుపురం_లైన్‌మన్ | ఉదయం 6:50

పొద్దున్నే చూశాను ఈ చర్చ. బాబూ అందరూ పట్టీల గురించి చెప్తున్నారు, మంచిదే. నా ప్రశ్న వేరు. ఆ నాలుగు కాల్స్ అసలు మీ పెట్టె గుండా వెళ్ళాయా? అది చూశారా?

ఎందుకంటున్నానంటే నేను ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కిన మనిషిని. లైన్ బయట్నుంచి వచ్చి నేరుగా పెట్టెలో దిగదు. స్తంభం, డీపీ (స్తంభం దగ్గర తీగలు పంచే డబ్బా), గోడ మీద రోజెట్ (ఫోన్ తగిలించే చిన్న డబ్బా), అక్కణ్ణుంచి క్రోన్ (లైన్ల తీగలన్నీ జతలుగా బిగించే డబ్బా), అప్పుడు పెట్టె. పెట్టెకి ముందు ఎక్కడ రెండు తీగలు తగిలించినా డయల్ టోన్ వస్తుంది, నీ పట్టీలు, క్లాసులు దానికేం తెలీదు. పెట్టెలో కాల్ రికార్డులు ఉంటాయి, ఏ ఎక్స్‌టెన్షన్, ఏ లైన్, ఏ నంబరు, ఎన్నింటికి, ఎంతసేపు, అన్నీ వరసగా. కంప్యూటర్‌కి సీరియల్ కేబుల్ పెడితే వస్తాయి, కొన్నిట్లో లోపల కూడా దాస్తుంది. బిల్లులో ఉన్న తేదీ, టైము పట్టుకుని ఆ రికార్డులో వెతుకు. ఉంటే ఏ ఎక్స్‌టెన్షనో దొరికిపోతుంది. లేకపోతే పెట్టెని, మనుషుల్ని వదిలేసి తీగ పట్టుకుని నడువు.

పర్లాకిమిడి_మాస్టారు | ఉదయం 7:15

ఇది అడగాల్సిన మాట. వాచ్‌మన్ మీద నింద వేసే ముందు ఇది చూడండి బాబూ, దయచేసి.

జయపురం_రైస్‌మిల్లు | ఉదయం 8:05

నైట్ వాచ్‌మన్ అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది జయపురం దగ్గర రైస్ మిల్లు. మా దగ్గర కూడా నాలుగేళ్ళ క్రితం రాత్రి మోడ్ పెట్టారు, సాయంత్రం ఏడు దాటితే అన్ని ఎక్స్‌టెన్షన్లూ ఆఖరి క్లాసు, సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ బంద్, లోపల్లోపల మాట్లాడుకోవడమే. పెట్టినోళ్ళు మంచి పని చేశామనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, సంతకం పెట్టింది నేనే.

ఒక రాత్రి ఎలివేటర్ బెల్టు దగ్గర ఒక కుర్రాడి చెయ్యి పడింది. షెడ్డు అడుగున మొబైల్ సిగ్నల్ ఉండదు, రేకులు కదా. గేటు దగ్గర వాచ్‌మన్ పరిగెత్తి ఫోన్ ఎత్తి 108 కొట్టాడు. ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ మోగింది. అప్పుడు వినపడిందంట అతనికి, పక్కనే తాళం వేసున్న అకౌంట్స్ గదిలో ఫోన్ మోగుతోంది. మా ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి 124. 108 అంటే అకౌంటెంట్ గారి టేబుల్. అతను రిసీవర్ చేత్తో పట్టుకుని ఆ గది కిటికీ వైపు చూస్తూ నిలబడిపోయాడంట. తర్వాత 9 నొక్కి 108 కొట్టాడు, బిజీ టోన్ వచ్చింది, అన్నీ బంద్ కదా. చివరికి రోడ్డు మీదకి వెళ్ళి లారీ ఆపి ఆ డ్రైవర్ ఫోన్‌తో చేశాడు. కుర్రాడు బతికాడు, రెండు వేళ్ళు పోయాయి. ముందే వచ్చుంటే మిగిలేవా అంటే డాక్టరు ఏమీ చెప్పలేదు, నాకు మాత్రం ఆ ఇరవై నిమిషాలు ఇప్పటికీ గుండెలో ఉన్నాయి.

బరంపురం బాబూ, మీ ఎక్స్‌టెన్షన్లు ఏ నంబర్ల నుంచి ఏ నంబర్ల దాకా? ముందు అది చూడండి.

బరంపురం_మందులు | ఉదయం 8:31

సార్, చదివి చెయ్యి ఆడలేదు. మావి 101 నుంచి 116. 108 అంటే మాకు రిటర్న్ సరుకు రాసుకునే టేబుల్, 101 ఓనరు గారు, 102 ఆయన తమ్ముడు. ఫైర్‌కి 101 కొడితే ఓనరు గారి కేబిన్‌లో మోగుద్ది. పదేళ్ళ బట్టి ఇలాగే ఉంది, ఎవరికీ తట్టలేదు.

రాయగడ_ఇంటర్‌కం | ఉదయం 9:10

జయపురం సార్, మీరు రాసింది మా పని వాళ్ళందరూ చదవాలి. నేను కూడా కొన్ని చోట్ల 101 తోనే పెట్టాను, ఫ్యాక్టరీ నుంచి కొన్ని పెట్టెలు అలాగే వస్తాయి, ఎవరూ మార్చరు. ఈ వారం వాళ్ళందరికీ ఫోన్ చేస్తాను.

తమ్ముడూ, నువ్వు ఎక్స్‌టెన్షన్లని 201 నుంచి 216 కి మార్చు. మొదటి అంకె ఒకటి మార్చడమే, పావుగంట పని, వైర్లు ముట్టుకోనక్కర్లేదు. తర్వాత మెనూలో ఎమర్జెన్సీ నంబర్ల పట్టీ అని వేరేగా ఉంటది. అందులో పెట్టినవి ఏ క్లాస్ అయినా, రాత్రి అయినా, లాక్ చేసున్నా వెళ్తాయి. 112, 100, 101, 102, 108 పెట్టు, 1098 పిల్లలది, 181 ఆడవాళ్ళది, 1930 సైబర్ మోసాలది, గళ్ళు ఉంటే అవి కూడా పెట్టు. తర్వాత ప్రతి ఫోన్ మీద స్టిక్కర్ అంటించు, 9 నొక్కి 112 అని. కొన్ని పెట్టెల్లో 9 లేకుండా 112 కొట్టినా బయటికి పంపే సెట్టింగ్ ఉంటది, మీదాంట్లో ఉందేమో చూడు, ఉంటే అది అన్నిటికన్నా మంచిది. భయంలో ఉన్న మనిషికి 9 గుర్తుండదు.

గుణుపురం_లైన్‌మన్ | ఉదయం 9:35

ఇంకోటి. కరెంటు పోతే పెట్టె ఏం చేస్తుందో చూసుకోండి. చాలా అనలాగ్ (మామూలు ఫోన్ తీగలతో నడిచే) పెట్టెల్లో కరెంటు పోగానే ఒక లైన్ నేరుగా ఒక ఎక్స్‌టెన్షన్‌కి కలిసిపోతుంది, లోపల రిలే టక్కుమంటుంది, అంతే. అప్పుడు ఏ బంద్ పట్టీ ఉండదు, 9 కూడా నొక్కక్కర్లేదు. ఏ ఎక్స్‌టెన్షనో మీకు తెలియాలి. తాళం వేసే కేబిన్‌లో ఉంటే ఎవరికీ పనికిరాదు. దాన్ని వాచ్‌మన్ దగ్గర పెట్టండి.

పర్లాకిమిడి_మాస్టారు | ఉదయం 9:52

నిజం. 2018 అక్టోబర్ 11 న తిత్లీ తుఫాను వచ్చిన పొద్దున మా స్కూలు ఆఫీసులో కరెంటు పోయి ఇంటర్‌కం మొత్తం ఆగిపోయింది, గుమాస్తా గారి బల్ల మీద ఫోన్ ఒక్కటే డయల్ టోన్ ఇచ్చింది. లైన్ తెగేలోపు రెండు కాల్స్ చేసుకోగలిగాం, హాస్టల్‌కి ఒకటి, బ్లాక్ ఆఫీసుకి ఒకటి. అది ఆ బల్ల మీద ఎందుకు పనిచేసిందో ఇవాళ గుణుపురం ఆయన చెప్తే తెలిసింది.

ఫైబర్ లైన్ మీద ఇది ఆశించకండి బాబూ. గోడ మీద ఫైబర్ డబ్బాకే కరెంటు కావాలి, అది ఆగితే ఫోనూ ఆగుతుంది. దానికి చిన్న బ్యాటరీ పెట్టుకోవాలి, లేదా మీకున్న రాగి లైన్‌నే ఆ పోర్టులో పెట్టుకోవాలి.

కోరాపుట్_నెట్‌వర్క్ | ఉదయం 11:20

మీ అందరివీ అనలాగ్ పెట్టెలు, నేను ఐపీ పెట్టెలు, అంటే ఇంటర్నెట్ నెట్‌వర్క్ మీద నడిచేవి చూస్తాను కాబట్టి ఒక్క మాట, ఎందుకంటే రేపు మార్చుకున్నాక ఇదే చర్చ వెతుక్కుని చదివేవాళ్ళుంటారు. ఐపీ పెట్టెలో ఐఎస్డీ దొంగతనం ఎక్కువసార్లు లోపలి మనిషి చెయ్యడు. ఇంటర్నెట్ మీద రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములుంటాయి, బయటికి తెరిచిన పెట్టె దొరికితే ఎక్స్‌టెన్షన్ 201, పాస్‌వర్డ్ 201 అని కొట్టి చూస్తాయి. కలిసిందంటే ఆ రాత్రే, ముఖ్యంగా శనివారం రాత్రి, ఖరీదైన దేశాలకి వందల కాల్స్ వెళ్ళిపోతాయి, సోమవారం వచ్చి చూసుకుంటే లక్షల్లో బిల్లు. నా క్లయింట్ ఒకాయనకి ఇలాగే అయ్యింది, ఆఫీసులో అందరినీ పిలిచి నిలబెట్టి అడిగాడు, తీరా లాగ్ (పెట్టె రాసుకున్న రికార్డు) చూస్తే అన్నీ బయటి ఇంటర్నెట్ అడ్రసుల నుంచి.

అందుకే ఐపీలో అవుట్‌గోయింగ్ రూట్ రాసేటప్పుడు అన్నీ వదిలే ప్యాటర్న్ ఒకటి పెట్టి వెళ్ళిపోకండి. లోకల్‌కి ఒక రూట్, సున్నా తర్వాత 6 నుంచి 9 మధ్య ఒక అంకె, ఆ తర్వాత 9 అంకెలు ఉంటే ఒక రూట్, ఎమర్జెన్సీకి ఒకటి, రెండు సున్నాలకి అసలు రూటే రాయకండి. రాయని దారిలో కాల్ వెళ్ళదు. పాస్‌వర్డ్ పొడుగ్గా, ఎక్స్‌టెన్షన్ నంబరుతో సంబంధం లేకుండా పెట్టండి, బయటి నుంచి వచ్చి లోపల టోన్ తీసుకుని మళ్ళీ బయటికి డయల్ చేసే సదుపాయం అవసరం లేకపోతే తీసేయండి.

ఇంకోటి అనలాగ్ అయినా ఐపీ అయినా, ఐఎస్డీ అక్కర్లేని వాళ్ళు ఎక్స్ఛేంజ్‌లోనే మూయించండి. తెల్ల కాగితం మీద దరఖాస్తు, లైన్ ఎవరి పేరున ఉందో ఆయన సంతకం, అంతే. అక్కడ మూశాక మీ ఇంటి గోడ మీద ఎవడు తీగ తగిలించినా ఐఎస్డీ వెళ్ళదు.

బరంపురం_మందులు | మధ్యాహ్నం 3:46

అందరికీ చెప్పాలని పరిగెత్తుకుని వచ్చానండి. రికార్డు చూశాను. మా పెట్టె లోపల దాచుకుంటుంది, కేబుల్ పాత కంప్యూటర్ వెనకాలే చుట్టి ఉంది, పెట్టి చూస్తే వరసగా వచ్చాయి. బిల్లులో ఉన్న ఆ నాలుగు టైములూ ఒక్కటి కూడా మా పెట్టెలో లేవు. ఆ రాత్రి 9:20 కి మా అకౌంటెంట్ చేసిన కాల్ ఉంది, దాని తర్వాత మళ్ళీ పొద్దున 7:05. మధ్యలో ఏమీ లేదు. వాచ్‌మన్ ఫోన్ ముట్టుకోనే లేదు.

గుణుపురం బాబాయ్ చెప్పినట్టు తీగ పట్టుకుని నడిచాను. మూడో లైన్ స్తంభం నుంచి మేడ మీదకి ఎక్కి, అక్కణ్ణుంచి కిందకి దిగుతోంది. మేడ మీద గది పదేళ్ళ క్రితం మా ఆఫీసే, ఇప్పుడు వేరేవాళ్ళకి అద్దెకిచ్చారు. ఆ గదిలో తలుపు పక్కన పాత రోజెట్ ఇంకా ఉంది, సున్నం వేసీసారు దాని మీద కూడా, కానీ మూత స్క్రూ దగ్గర సున్నం రాలి రాగి మెరుస్తోంది, ఎవరో ఈమధ్యే విప్పారు. మా ఫోన్ తీసుకెళ్ళి తగిలిస్తే డయల్ టోన్ వచ్చింది. ఎవరు చేశారో నేను చెప్పలేను, గది మూడు నెలల్లో ఇద్దరు మారారు. నేను పోయిన వారం బంద్ చేసి ఉంటే, పెట్టెలో ఎన్ని పట్టీలు రాసినా ఆ కాల్స్ ఆగేవి కావు.

ఓనరు గార్ని పైకి తీసుకెళ్ళి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కిందకొచ్చి వాచ్‌మన్‌కి కబురు పెట్టారు, పగలు నిద్రపోయే టైము, అయినా వచ్చాడు. అందరి ముందూ తప్పు నాదే అని చెప్పారు. అతను "ఆగ్యా, ఆగ్యా" (ఒడియాలో అయ్యా, అలాగే అని) అంటూ తల దించుకునే ఉన్నాడు గానీ బయటికొచ్చాక గోడకి ఆనుకుని ఏడ్చాడండి.

పర్లాకిమిడి_మాస్టారు | సాయంత్రం 4:10

మీ ఓనరు గారికి నా నమస్కారం చెప్పు బాబూ. అందరి ముందూ ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

గుణుపురం_లైన్‌మన్ | సాయంత్రం 4:22

ఆ రోజెట్ విప్పేసి ఊరుకోకు. తీగని డీపీ నుంచి కొత్తగా లాగించి నేరుగా కిందకి దింపించు. మేడ మీద తీగ ఉన్నంతకాలం ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గీకుతారు. క్రోన్ డబ్బాకి తాళం వెయ్యి. డబ్బా లోపల ఏ జత ఏ లైనో కాగితం రాసి అంటించు, పదేళ్ళ తర్వాత వచ్చేవాడికి నీలాంటి కష్టం రాకూడదు.

రాయగడ_ఇంటర్‌కం | సాయంత్రం 5:00

చాలా సంతోషం తమ్ముడూ. ఇప్పుడు పట్టీలు పెట్టడం మానకు, అవి కూడా కావాలి. ఎవరికి ఏ క్లాస్ పెట్టావో రాయి, చూస్తాను.

బరంపురం_మందులు | రెండు రోజుల తర్వాత, రాత్రి 8:30

పెట్టీసాను అన్నయ్యా. ఎక్స్‌టెన్షన్లు 201 నుంచి 216 అయ్యాయి. ఆర్డర్ కుర్రాళ్ళకి, అకౌంట్స్‌కి 00 ఒక్కటే బంద్. బయట వరండాలో వచ్చినోళ్ళు కూర్చునే చోట ఫోన్‌కి సున్నా మొత్తం బంద్, లోకల్, ఎమర్జెన్సీ వెళ్తాయి. గోడౌన్ ఫోన్‌కి ధర్మాబాద్ అన్న చెప్పినట్టు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ నంబర్లు ఇరవై స్పీడ్ డయల్‌లో పెట్టాను. రాత్రి మోడ్‌లో కూడా వాచ్‌మన్ ఫోన్‌కి మొబైల్స్ తెరిచే ఉంచాం, అది ఓనరు గారే చెప్పారు. ఎక్స్ఛేంజ్‌లో మూడు లైన్లకీ ఐఎస్డీ మూయమని దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకున్నాను. తెలుగులో, ఒడియాలో నోటీసు రాసి గోడకి పెట్టాం, ఏ ఫోన్ నుంచి ఏవి వెళ్తాయో అందరికీ తెలియాలని.

ఒక చిక్కొచ్చింది. నిన్న పొద్దున 11 కి అన్ని ఫోన్లూ రాత్రి మోడ్‌లోకి వెళ్ళిపోయాయి. గంటసేపు కొట్టుకున్నాను. చూస్తే పెట్టె గడియారంలో రాత్రి 11 అని ఉంది.

రాయగడ_ఇంటర్‌కం | రాత్రి 8:44

లోపల బటన్ బ్యాటరీ అయిపోయుంటది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం తప్పుద్ది. బ్యాటరీ మార్చి టైము పెట్టు, నెలకోసారి చూసుకో. మార్చేముందు సెట్టింగులన్నీ కంప్యూటర్‌లో కాపీ తీసుకో, లేకపోతే కాగితం మీదైనా రాసుకో.

జయపురం_రైస్‌మిల్లు | రాత్రి 9:05

బాబూ 112 టెస్ట్ చేశారా? సెట్టింగ్ పెట్టడం వేరు, కాల్ వెళ్ళడం వేరు. ఒక్కసారి చెయ్యండి, ఎత్తినోళ్ళకి ఇది ఆఫీసు ఇంటర్‌కం పరీక్ష అండీ, ఇక్కడ ప్రమాదమేమీ లేదు అని స్పష్టంగా చెప్పి అప్పుడు పెట్టండి. మాట్లాడకుండా పెట్టేస్తే వాళ్ళు వెనక్కి చేస్తారు, వాళ్ళ పనికి అడ్డం. టెస్ట్ మీరు చెయ్యొద్దు, రాత్రి ఉండే మనిషి చేతే చేయించండి.

బరంపురం_మందులు | రాత్రి 10:20

సార్, ఇప్పుడే గేటు దగ్గర్నుంచి వస్తున్నాను. మెయిన్ స్విచ్ దింపి ఒకసారి, ఎత్తి ఒకసారి, రెండుసార్లు అతని చేతే చేయించాను. కరెంటు ఉన్నప్పుడు 9 నొక్కి 112, వెంటనే ఎత్తారు, అతనే ఒడియాలో చెప్పాడు మీరు చెప్పమన్నట్టే. కరెంటు తీసినప్పుడు ఇంకోసారి వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని నా మొబైల్‌కి చేయించాను, 9 లేకుండా నేరుగా సున్నా కొట్టి, మోగింది. చీకట్లో అంకెలు కనపడటం లేదన్నాడు, అందుకని రేపు బటన్లలో లైటు ఉండే ఫోన్ ఒకటి కొని అక్కడ పెడతాను.